పలకని గిన్నెలు

జగదల్‌పూర్, గోల్ బజార్
మే 6

మహాలక్ష్మి వదినకు, మరిది గోపీ నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

కొంటా బస్సులో మీ దుకాణానికి వస్తున్న సరుకు మూటలో ఈ కవరు పెట్టాను. తెల్లారితే ఫోన్ చేసే మనిషి ఉత్తరం రాశాడేమిటని కంగారు పడకండి. అందరం బాగున్నాం. ఫోనులో మాట్లాడితే దుకాణంలో పదిమంది వింటారు. మెసేజ్ పెడదామంటే నా ఫోను నా దగ్గర కన్నా మీ చెల్లెలి దగ్గరే ఎక్కువ ఉంటుంది. రాయాల్సింది ఆవిడ సంగతే కాబట్టి కాగితం పట్టుకున్నాను.

మీ చెల్లెలు కన్యక మారిపోయింది వదినా.

ఊరు దాటాక చిత్రకోట్ రోడ్డులో పాత ధాన్యం గోదాము ఒకటుంది. దాన్ని దేముడు అనే ఒకాయన అద్దెకు తీసుకున్నాడు. విశాఖ వైపు మనిషి. కిరండూల్ గనుల్లో ఉద్యోగం చేసి, మానేసి, ఎక్కడెక్కడో తిరిగి కొంత బౌద్ధం, కొంత ఉపనిషత్తులు మూట కట్టుకొచ్చాడట. గోదాముకు మౌనశాల అని పేరు పెట్టాడు. లోపల దేవుడి పటం లేదు, దీపం లేదు. గోడలకు నిలువెత్తు గుడ్డలు వేలాడదీసి, ఒక్కో గుడ్డ మీద ఎర్రమట్టితో ఒక్కో గుండ్రం గీశాడు. ఆ గుండ్రం కూడా పూర్తిగా కలవదు, ఒకచోట తెరిచి ఉంటుంది. చెక్క నేల మీద కూర్చుని దాన్ని చూస్తూ ఉండాలి. కంచు గిన్నెల మోతను సాగదీసి, ఇంద్రావతి నీళ్ళ చప్పుడు కలిపి, నెమ్మదిగా వినిపిస్తాడు. అది పాట కాదు, భజనా కాదు. ఉప్పు లేని పప్పులా ఉంటుందని వెళ్ళొచ్చినవాళ్ళు అన్నారు.

ఆ గిన్నెలు మన ఇత్తడి, కంచు దుకాణంలోనే కొన్నాడు. ఏరి ఇచ్చింది మీ చెల్లెలే. అప్పటి నుంచి సాయంత్రమైతే చాలు, గల్లా నాకు అప్పగించి అటు వెళ్తోంది. వచ్చాక మాట్లాడదు. వంటింట్లో ఉన్నప్పుడు ఏదైనా అడిగితే జవాబుండదు. రెండోసారి గట్టిగా అడిగితే ఉలిక్కిపడి, నేనేదో తిట్టినట్టు చూస్తుంది. ఫోన్ మోగినా ఎత్తదు.

మొన్న కాశయ్య తాత వచ్చాడు, చెవిటాయన. బిందె ధర చెబితే "పెళ్ళి ఎప్పుడు బిడ్డా" అంటాడు. ఆయన వెళ్ళాక నేను చెవి దగ్గర దోసిలి పెట్టుకుని, మెడ వంచి, "ఆఁ? ఏందీ? ఎవల పెండ్లీ?" అని చేసి చూపించాను. దుకాణమంతా పడిపడి నవ్వింది. మీ చెల్లెలు మాత్రం లేచి లోపలికి పోయింది. ఒకప్పుడు నా వేషాలకు అందరికన్నా ముందు నవ్వేది ఆవిడే.

సన్యాసం పుచ్చుకుంటుందా, లేక ఇంకేమైనా ఉందా, మీకేమైనా చెప్పిందా? దాచకుండా రాయండి.

మీ మరిది,
గోపీ

*

కొంటా
మే 14

గోపీకి,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. నలభై దాటిన పెళ్ళాం గుండ్రాలు చూడటానికి వెళ్తోందని మొగుడికి దిగులు పట్టుకుందంటే నవ్వకేం చేస్తాం! మా ఆయన ధర్మయ్య కూడా విన్నారు. "గుండ్రాలే కదా, పేకముక్కలు కాదు గదా" అన్నారు.

దాన్ని వెళ్ళనివ్వు. పెళ్ళయిన నాటి నుంచి ఆ గల్లా దగ్గర కూర్చుని ఇత్తడి మోత, కంచు మోత, నీ మోత వింటోంది. సాయంత్రం కాసేపు ఎక్కడో కూర్చుంటే నీ కొంపేం మునగదు.

దాన్ని ఏదైనా అడగాలంటే వంటింటి గుమ్మంలో నిలబడి వీపు వెనక నుంచి అడగకు. లోపలికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని అడుగు. ఆడదానితో మాట్లాడే పద్ధతి అది.

కాశయ్య తాత సంగతి రాశావు. అందులో నాకు నవ్వు కనిపించలేదు. ఆ వేషం ఇంకెక్కడా వెయ్యకు.

ఈ సారి పంపిన కందిపప్పు బాగుంది.

మహాలక్ష్మి

*

జగదల్‌పూర్
జులై 12

వదినకు,

మీరు నవ్వి ఊరుకున్నారు కానీ ఇక్కడ నవ్వులాట దాటిపోయింది. అందుకే మళ్ళీ రాస్తున్నాను.

ముందు గోంచా పండుగ సంగతి చెబుతాను. రథం వీధిలోకి వచ్చింది. ఊళ్ళో పిల్లలూ పెద్దలూ వెదురు తుప్కీలు పట్టుకుని కాయలు కూరి పేలుస్తున్నారు. మీకు తెలుసుగా, పక్కన పేలితే గుండె ఆగినంత పని అవుతుంది. మా ముందు నిలబడ్డ ఒకడు సరదాకి కన్యక చెవి పక్కనే పేల్చాడు. నేను ఎగిరిపడ్డాను. ఆవిడ రెప్ప కూడా వెయ్యలేదు. రథం వైపు చూస్తూ అలాగే నిలబడింది. పక్కింటి సునీత ముక్కు మీద వేలేసుకుని, "ఏందన్నా, వదిన ఈ లోకంలో లేదు" అంది. పదిమందిలో ఆ మాట విని నవ్వి ఊరుకున్నాను కానీ ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. ఆ దేముడు మనిషి ప్రాణాన్ని గుంజి ఎక్కడో దాచిపెడుతున్నాడనిపించింది.

రెండోది, దుకాణం పరువు. పెళ్ళిళ్ళ కాలంలో అమ్మిన కంచు వెనక్కి వస్తోంది. సుక్మా వైపు ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు కాళ్ళు కడగబోతూ పళ్ళేన్ని నేల మీద పెడితే డబ్బుమని పలికిందట. సన్నటి బీట. మగపెళ్ళివారు అలిగి లేచిపోతే కాళ్ళావేళ్ళా పడి కూర్చోబెట్టారట. ఆ పెళ్ళికూతురి మేనమామ వచ్చి, "సేఠ్, మీ కొట్టుల దోఖా ఉండదని నమ్మి కొన్నం" అని పళ్ళెం నా ఎదుట పడేసి పోయాడు. అదొక్కటే కాదు, తర్వాత ఇంకా వచ్చాయి. అన్నీ మీ చెల్లెలు వేలితో కొట్టి, విని, మంచివని పక్కన పెట్టినవే.

మా పెళ్ళిచూపులు మీకు గుర్తుండే ఉంటాయి. మా అమ్మ ఆ పిల్లను పాట పాడమనలేదు. నాలుగు కంచు గిన్నెలు ముందు పెట్టింది. కన్యక ఒక్కో గిన్నెను మూడు వేళ్ళ మీద నిలబెట్టి, వేలి కణుపుతో కొట్టి, మోత పూర్తిగా ఆగేదాకా విని, చివరి గిన్నెను పక్కకు జరిపింది. అందులో వెంట్రుకంత బీట ఉంది. మా అమ్మ అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకుంది. ఇన్నేళ్ళలో ఆ చెవి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఒడిశా నుంచి సరుకు తెచ్చే కంచరివాళ్ళు ఆవిడ ఎదురుగా కూర్చుంటే వణికేవాళ్ళు.

అలాంటి మనిషి వరసగా తప్పు చెబుతుందా? చెప్పదు. నాకు తోచింది ఒకటే. బాగా పలికే గిన్నెలన్నీ ఏరి ఆ మౌనశాలకు పంపుతోంది, బీటలున్నవి దుకాణంలో పెడుతోంది. మూటలు అక్కడికి మోసేది మన కొట్లో పనిచేసే బుధ్రానే. "భాబీ స్వయంగా ఏరి ఇస్తది" అని చెప్పాడు. ఇంట్లో ఆడది ఇలా చేసేది ఎవరి కోసం? మీరే చెప్పండి.

గోపీ

*

కొంటా
జులై 22

గోపీకి,

పళ్ళేల సంగతి దాన్ని అడిగావా? నా దగ్గర వాపోతున్నావు కానీ, భార్య ముందు కూర్చుని "ఇది ఎందుకిలా అయింది" అని ఒక్క మాట అడిగావా? అడగలేదని నాకు తెలుసు. నువ్వు అడిగే మనిషివి కాదు, చేసి చూపించి నవ్వించే మనిషివి.

దేముడి గురించి నువ్వనుకునేదేమీ లేదు. ఆయన వయసు నీకన్నా ఎక్కువ. మాట తక్కువ, కుదురైన మనిషి. కన్యకను తల్లీ అని పిలుస్తాడు. అక్కడికి ఇంకా చాలామంది వస్తారు. దాని మానాన దాన్ని వదిలేయి.

సరుకు ఏరే పని కొన్నాళ్ళు నువ్వే చూసుకో. దాని చేత చేయించకు. కారణం అడగకు. అలాగని గల్లా దగ్గర నుంచి మాత్రం లేపకు.

శబరి పొంగుతోంది. వర్షాలు ఆగకపోతే బస్సు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో చెప్పలేం.

మహాలక్ష్మి

*

జగదల్‌పూర్
ఆగస్టు 9

మహాలక్ష్మిగారికి,

ఈసారి వదినా అని రాయడానికి చెయ్యి రాలేదు.

దేముడు మాట తక్కువ మనిషని మీకెలా తెలుసు? కన్యకను తల్లీ అని పిలుస్తాడని మీకెవరు చెప్పారు? మీరు కొంటా దాటి ఈ మధ్య ఇటు వచ్చింది లేదు. ఫోనులో మీ అక్కచెల్లెళ్ళు మాట్లాడుకోగా నేను వినలేదు. అందుకే కండక్టరుకు టీ ఇప్పించి అడిగాను. "మీదొక కవరు, భాబీదొక కవరు, రెండూ కొంటాకే గదా సేఠ్" అన్నాడు. అంటే ఇన్నాళ్ళుగా మీ ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడుస్తున్నాయి. నేను పిచ్చివాడిలా మీ దగ్గరకే వచ్చి "మీకేమైనా చెప్పిందా" అని అడిగాను. మీరిద్దరూ నా ఉత్తరాలు చదువుకుని నవ్వుకున్నారా?

గల్లా దగ్గర నుంచి లేపొద్దన్నారు కదా, లేపాను. దుకాణంలోకి రావద్దని ఎదురుగా కూర్చునే చెప్పాను, మీరు చెప్పిన పద్ధతి ప్రకారమే. నా మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. "సరే" అంది. ఎందుకని కూడా అడగలేదు. తప్పు చేయని మనిషి అయితే అడగదా?

నిన్న ఆవిడ వెనకే వెళ్ళాను. గోదాము కిటికీ రెక్క ఓరగా తీసి ఉంటే అందులోంచి చూశాను. ఏడెనిమిది మంది కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎర్ర గుండ్రం కింద మీ చెల్లెలు బోర్లా పడుకుని, చెంప చెక్క నేలకు ఆనించి, రెండు అరచేతులూ నేల మీద పరిచి ఉంది. తర్వాత లేచి కూర్చుంది. ఆ దేముడు ఒక పెద్ద గిన్నెను మోగించి, దాని అడుగు ఆవిడ దవడకు ఆనించాడు. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి. నా ఎదుట అలా ఏడ్చి ఎన్నాళ్ళయిందో, అలా నవ్వి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు. ఒళ్ళు మండిపోయింది. అయినా ఆ క్షణాన లోపలికి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు.

బజార్లో వర్తక సంఘం పెద్దలతో మాట్లాడాను. ముగ్గురు నాతో వస్తామన్నారు. వచ్చే ఆదివారం వెళ్ళి ఆ శాల తలుపులు మూయిస్తాం. మీ చెల్లెల్ని అదే రోజు కొంటా బస్సు ఎక్కిస్తాను. మీ ఇంట్లోనే ఉంచుకుని ఎన్ని ఉత్తరాలైనా రాసుకోండి.

గోపీ

*

కొంటా
ఆగస్టు 13

గోపీ, ఆగు.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. మా ఆయన చేసినా ఎత్తలేదు. దుకాణం నంబరుకు చేస్తే బుధ్రా ఎత్తి, సేఠ్ లేడని చెప్పమన్నాడని చెప్పేశాడు పాపం.

ఆదివారం వెళ్ళకు. నీ కాళ్ళు పట్టుకుంటాను అని రాయాల్సిన వయసు కాదు నాది, అయినా రాస్తున్నాను. కన్యక నా చేత ఒట్టు వేయించుకుంది. శబరిలో దిగి, దోసిట్లో నీళ్ళు పట్టించి మరీ వేయించుకుంది. ఆ ఒట్టు వల్లే నీకు సగం సగం రాయాల్సి వచ్చింది. నువ్వనుకునే తప్పు అది కలలో కూడా చెయ్యలేదు. ఇంతకన్నా కాగితం మీద పెట్టలేను. నీళ్ళు తగ్గగానే నేనే బస్సెక్కి వస్తాను. ముగ్గురం కూర్చుందాం. దాని నోటితోనే చెప్పిస్తాను.

పదిమందిని వెంటేసుకుని మాత్రం వెళ్ళకు. నలుగురిలో దాన్ని ఏమీ అనకు.

మహాలక్ష్మి

*

జగదల్‌పూర్
ఆగస్టు 24

వదినకు,

మీ ఉత్తరం ఈరోజే అందింది. కొంటా దగ్గర రోడ్డు మీదికి నీళ్ళు వచ్చి బస్సులు ఆగిపోయాయట. నేను ఆదివారమే వెళ్ళాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. సంఘం వాళ్ళు ముగ్గురూ నా వెనక ఉన్నారు. లోపల మొన్నటిలాగే అందరూ కూర్చుని ఉన్నారు. కన్యక అందరికన్నా ముందు వరసలో, మాకు వీపు పెట్టి, గుండ్రం వైపు తిరిగి ఉంది. నేను తలుపు దగ్గర నిలబడి నోటికి వచ్చిందల్లా అన్నాను. ఏమన్నానో మీకు రాయలేను. నా గొంతు మీకు తెలుసు, బజారు ఈ చివర అరిస్తే ఆ చివర వినిపిస్తుంది. కూర్చున్నవాళ్ళందరూ అదిరిపడి వెనక్కి తిరిగారు.

మీ చెల్లెలు తిరగలేదు.

పొగరు అనుకున్నాను. ఇంకా గట్టిగా, ఇంకా నీచంగా అన్నాను. జడ కూడా కదలలేదు. మెడ మీద చెమట పట్టి ఉంది, అరచేతులు నేల మీద ఉన్నాయి, ఊపిరి నెమ్మదిగా తీసుకుంటోంది. మనసులో భయం ఉన్న మనిషి ఊపిరి అలా ఉండదు. అప్పుడు నాకు తుప్కీ గుర్తొచ్చింది. వంటింటి గుమ్మం గుర్తొచ్చింది. అరవడం ఆపేశాను.

దేముడు లేచి నా వైపు రాలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. పాదంతో చెక్క నేలను రెండుసార్లు తట్టాడు. అప్పుడు కన్యక వెనక్కి తిరిగింది. నన్ను చూసింది. చూసి నవ్వింది వదినా. నేను తనతో కూర్చోవడానికి వచ్చాననుకుంది. పక్కకు జరిగి, చోటు చూపించి, నేల మీద అరచేత్తో తట్టింది.

నాతో వచ్చిన ముగ్గురూ నేల చూపులు చూసుకుంటూ బయటికి పోయారు. నేను వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి తీసి నేల మీద పరిచింది. చెక్క కింద స్పీకర్ పెట్టెలేవో అమర్చారు కాబోలు, ఆ మోత నేలలోంచి అరచేతిలోకి వచ్చింది. చేతిలోంచి మోచేతికి, అక్కడి నుంచి రొమ్ములోకి ఎక్కింది. చెవితో వింటే ఉప్పులేని పప్పే. చేత్తో వింటే వేరుగా ఉంది. ఎదురుగా ఆ ఎర్ర గుండ్రం, మధ్యలో ఏమీ లేదు. ఆ ఖాళీని చూస్తూ కూర్చోవడం నాకు చాలా కష్టమైంది. చూపు తిప్పుకుంటే పక్కన ఆవిడ మొహం ఉంది.

అందరూ వెళ్ళిపోయాక దేముడి ముందున్న గిన్నెలను కణుపుతో కొట్టి చూశాను. బాగా పలికేవి ఇక్కడికి వస్తున్నాయన్నాను కదా. మూడింట రెండు డబ్బుమన్నాయి. "ఆవిడ మంచివనే ఇచ్చీసింది బాబూ," అన్నాడు దేముడు. "తిరిగి పంపీస్తే ఆవిడకి తెలిసిపోద్ది కదా అని ఉంచీసేను."

దుకాణానికీ, శాలకీ ఒకే రకం సరుకు ఇచ్చింది వదినా. ఆవిడ చెవి తప్పిందేమో అన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ చెవి మీద నాకంత నమ్మకం. మనిషి మీద లేకపోయింది.

ఇక ఇప్పుడు నన్ను తినేస్తున్న సంగతి ఒకటుంది. ఆవిడకు నేనన్నవి వినపడలేదు. కానీ నిజంగా ఏమీ తెలియదా? ఆ రోజు నుంచి అన్నం పెడుతూ, నీళ్ళు ఇస్తూ, నా మొహంలోకి అదే పనిగా చూస్తోంది. తెలిసి పరీక్షిస్తోందా? తెలియక చూస్తోందా? శాలలో ఉన్నవాళ్ళు ఎవరైనా చెప్పారా? సునీత ఇంటికొస్తే గుమ్మం దగ్గరే మాట్లాడి పంపేస్తున్నాను. వినపడనిది వినపడనట్టే ఉండిపోతే ఏమైంది అని ఒక పక్క అనిపిస్తోంది. ఆ మాటలు ఆవిడ దాకా వెళ్ళకపోవడం దేవుడు చేసిన మేలేనేమో. మీరేమంటారు?

గోపీ

*

కొంటా
సెప్టెంబరు 2

గోపీకి,

నీకు తెలిసిపోయింది కాబట్టి ఇక ఒట్టుకు అర్థం లేదు. చెబుతాను.

కిందటేడు సింహాచలం మొక్కు ఉందని చెప్పి దాన్ని విశాఖ తీసుకెళ్ళాను కదా, అది మొక్కు కాదు. చెవుల డాక్టరు. నరం బలహీనమైపోతోందన్నాడు, ఇంకా తగ్గుతుందన్నాడు. సన్నటి శబ్దాలు ముందే పోయాయి. పిట్టల అరుపు, ఫోనులో నా గొంతు, కంచు మోతలో పైనుండే ఆ సన్నటి జీర. బండ శబ్దాలు ఇంకా కొంచెం అందుతున్నాయి. అందుకే ఆ శాలకు వెళ్తోంది. ఆ మోతలో తనకింకా మిగిలింది ఉందంది. ఆ దేముడు గనిలో పేలుళ్ళ దగ్గర పనిచేసి ఒక చెవి పోగొట్టుకున్న మనిషి. అందుకే గిన్నెలు కొనడానికి వచ్చిన రోజే, నువ్వు వెనక నుంచి పిలుస్తుంటే అది తిరగకపోవడం చూసి కనిపెట్టాడు. ఇన్నేళ్ళు కాపురం చేసిన నువ్వు కనిపెట్టలేదు.

డాక్టరు చెవికి మిషన్ రాసిచ్చాడు, కొన్నాం. అది మా ఇంట్లో పోపుల డబ్బాలో ఉంది. ఎందుకు పెట్టుకోవే అంటే, "అక్కా, కాశయ్య తాతను చేసినట్టు ఒకరోజు ఆయన నన్ను చేసి చూపిస్తే దుకాణమంతా నవ్వుతుంది" అంది. దానికి నువ్వంటే ప్రేమ లేక కాదు గోపీ. నీ నవ్వుకు భయపడింది. ఆ గల్లా తన చెవి చూసి తనకిచ్చిన చోటని, చెవి లేకపోతే చోటూ ఉండదని అనుకుంది. నువ్వు లేపి ఆ భయాన్ని నిజం చేశావు.

ఇక నువ్వడిగిన దానికి జవాబు. దేవుడు చేసిన మేలు అన్నావే, ఆ మాట చదివి కోపంతో ఉత్తరాన్ని అవతలకి విసిరేశాను. మా అమ్మ సంగతి నీకు సగమే తెలుసు. చివర్లో అమ్మకు వినపడేది కాదు. మేమందరం అమ్మ ముందే, అమ్మ గురించే, అమ్మకు తెలియకుండా మాట్లాడుకునేవాళ్ళం. నాన్నకు జబ్బు ముదిరిందని వీధిలో అందరికీ తెలుసు. అమ్మకు చెప్పలేదు. ఎందుకు బాధపెట్టడం అనుకున్నాం. ఆయన్ను ఆసుపత్రి నుంచి తెచ్చి పడుకోబెట్టాక గానీ ఆమెకు తెలియలేదు. ఆ తర్వాత అమ్మ ఎవరి మొహాన్నీ నమ్మలేదు. ఇద్దరు నవ్వుకుంటే తన మీదేనని, ఇద్దరు గుసగుసలాడితే ఎవరో పోయారని అనుకుంటూ అలాగే పోయింది. కన్యక దగ్గరుండి చూసింది అదంతా.

నువ్వన్నది ఊరంతా విన్నది. అది ఒక్కతే వినలేదు. ఇవాళ నువ్వు సునీతను గుమ్మంలోనే ఆపావు, రేపు ఇంకొకరిని ఆపుతావు. అలా ఎన్నాళ్ళు కాపలా కాస్తావు? దాని చుట్టూ అందరూ తెలిసిన మొహాలతో తిరుగుతుంటే, అది అమ్మలాగే మొహాలు చదువుకుంటూ బతకాలా? వేరే నోటి నుంచి తెలియక ముందే నువ్వే చెప్పు. ఏమన్నావో అదే చెప్పు, తగ్గించకు. ఆ తర్వాత అది నీ దగ్గరుంటుందో, బస్సెక్కి ఇక్కడికి వస్తుందో దాని ఇష్టం. వస్తే మా తలుపు తీసే ఉంటుంది.

మహాలక్ష్మి

*

జగదల్‌పూర్, మన దుకాణం, గల్లా దగ్గర నుంచి
సెప్టెంబరు 8

కన్యకకు,

గోడ అవతల నువ్వు బియ్యం ఏరుతున్నావు. ఇవతల నుంచి ఉత్తరం రాస్తున్నాను. పెళ్ళయ్యాక నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. నోటితో చెబుదామని రెండుసార్లు లోపలికి వచ్చి, నీళ్ళు తాగి వెళ్ళిపోయాను. నువ్వు చూశావు.

నీ చెవుల సంగతి నాకు తెలుసు. శాలలోనే తెలిసింది, మీ అక్క తర్వాత చెప్పింది. ఆవిడ మీద కోప్పడకు.

ఆ ఆదివారం నేను నీతో కూర్చోవడానికి రాలేదు. నువ్వు వెనక్కి తిరగక ముందు, నలుగురి ఎదుట నేనన్న మాటలు ఇవి. మార్చకుండా రాస్తున్నాను.

"మొగుడు బతికుండగానే పరాయోని ముంగల ఏడ్వనీకి సిగ్గు లేదానే? నా కంచు దొంగతనంగ వీనికి మోసి నా కొట్టు ఇజ్జత్ తీసినవు. నీ అసొంటిదాన్ని ఇంట్ల ఉంచుకునుడు నాది తప్పు. ఇయ్యాల్టి నుంచి నా గడప తొక్కకు."

తర్వాత ఇంకో మాట కూడా అన్నాను. మగవాళ్ళు ఆడవాళ్ళను అనే మాట. అది రాయడానికి కలం కదలడం లేదు, కానీ అన్నానని మాత్రం తెలుసుకో. సంఘం వాళ్ళు ముగ్గురూ విన్నారు. శాలలో అందరూ విన్నారు.

నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు. ఇదంతా అన్నాక నువ్వు చోటు చూపిస్తే నీ పక్కన కూర్చున్నాను. ఆ తర్వాత ఇన్నాళ్ళూ నువ్వు పెట్టిన అన్నం తిన్నాను. నీకు వినపడలేదు కదా అని లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. అన్నిటికన్నా నీచమైన పని అదే అనిపిస్తోంది.

గల్లా నీది. గిన్నెలు పలికినా పలకకపోయినా నీదే. కొంటా వెళ్తానంటే బస్సు దాకా నేనే వస్తాను. వద్దంటే రాను.

గోపీ

*

వంటింట్లో నుంచి
అదే రోజు, మధ్యాహ్నం

మీకు,

చదివాను. రెండుసార్లు చదివాను.

నేను వెనక్కి తిరిగినప్పుడు మిమ్మల్ని మాత్రమే చూశాననుకున్నారు. అందరినీ చూశాను. అన్ని మొహాలూ ఒకేలా ఉన్నాయి, మా అమ్మ చుట్టూ ఉండే మొహాల్లా. మీరేదో అన్నారని అప్పుడే తెలిసింది. ఏమన్నారో తెలియలేదు. చోటు చూపించింది, మీరు వచ్చి కూర్చుంటారా లేదా చూద్దామని. కూర్చున్నారు. ఆ తర్వాత ఇన్నాళ్ళూ మీ మొహంలోకి చూసింది, మీరుగా చెబుతారా లేదా అని. చెప్పకపోతే వినాయక చవితి వెళ్ళగానే అక్క దగ్గరికి వెళ్ళిపోదామనుకున్నాను. సంచి సర్దుకుని అటక మీద పెట్టాను. అది ఇంకా అక్కడే ఉంది. దించేదీ లేనిదీ ఇప్పుడే చెప్పను.

కాగితం మీద రాస్తే సరిపోదు. ఆ మాటలు మీరు అంటున్నప్పుడు మీ మొహం ఎలా ఉందో ముక్కూ మొహం తెలియనివాళ్ళు చూశారు. నేను చూడలేదు. దుకాణం మూసి లోపలికి రండి. లైటు కింద నా ఎదురుగా కూర్చోండి. రాసినవీ, రాయలేక వదిలేసిందీ, అన్నీ నెమ్మదిగా మళ్ళీ అనండి. నేను పెదవులు చూసి తెలుసుకుంటాను. ఆ తర్వాత నేను చెప్పాల్సింది నేను చెబుతాను.

వచ్చేముందు మీసం కత్తిరించుకోండి. మీ పై పెదవి కనబడక ఏడాదిగా మీ మాటల్లో సగం నేనే ఊహించుకుంటున్నాను. మంచివే ఊహించుకున్నాను.

కన్యక